పొడుగు బండి

గురువారం పొద్దున ఎల్ఫ్రీడ వాళ్ళ వాకిట్లోకి ఓపెల్ కారు వచ్చి ఆగింది. వీధిలో ఉన్న కిటికీలన్నీ తెరుచుకున్నాయి. పదకొండేళ్ళ పాత బండి, తలుపుల కింద తుప్పు, ముందు దీపం ఒకటి పగిలితే టేపు అంటించి ఉంది. అయితేనేం, పడమటి దేశం నుంచి వచ్చిన బండి! పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? మొన్నమొన్నటిదాకా ఎల్ఫ్రీడ మొగుడు ఆదివారం ఆదివారం మైనం పూసి, మెత్తటి గుడ్డతో తుడిచి, పెళ్ళాం కన్నా ఎక్కువగా చూసుకున్న ట్రబాంట్, మా ఊరి ఫ్యాక్టరీ బండి, ఇప్పుడు చెత్తడబ్బాల పక్కన చక్రాలు లేకుండా కూర్చుని ఉంది.

మూడో అంతస్తు కిటికీ దగ్గర ఎవాల్డ్ లోష్నర్ ఓపెల్‌ను చూడటం లేదు. చెత్తడబ్బాల వైపే చూస్తున్నాడు. ఎవడో దారినపోయేవాడు ఆ ట్రబాంట్ తలుపు తీసి, లోపల రేడియో ఏమైనా మిగిలిందేమోనని వెతికి, లేదని ధబాలున వేసి పోయాడు.

"పై కీలు అరిగింది" అన్నాడు ఎవాల్డ్.

"అరిగింది నీ కీళ్ళయ్యా, దానివి కాదు. మాత్ర వేసుకున్నావా?" అంది రోస్విటా, బంగాళాదుంపల తొక్క తీస్తూ.

ఎవాల్డ్ ముప్ఫై రెండేళ్ళు ఫ్యాక్టరీలో ఉన్నాడు. అందులో ఇరవయ్యారేళ్ళు తలుపుల దగ్గరే. ఎడమ అరచెయ్యి కింద పెట్టి, మోకాలితో ఎత్తి పట్టుకుని, కీలు బిగించి, రబ్బరు సుత్తితో రెండు దెబ్బలు. తర్వాత బొటనవేలు సందు వెంబడి పైనుంచి కిందకి నడిపించేవాడు. సందు ఎక్కడ వెడల్పయిందో ఎక్కడ ఇరుకయిందో ఆ వేలికి తెలుసు. ఊళ్ళో తిరిగే బళ్ళలో సగానికి తలుపులు బిగించింది ఆయనే. ఆయనకి మాత్రం బండి లేదు.

ఇందులో వింతేమీ లేదు. మా జ్వికావ్‌లో బండి కట్టేవాడైనా, కొనేవాడైనా వరుసలో నిలబడాల్సిందే. పద్దెనిమిదేళ్ళు నిండిన రోజున కేకు కోయకముందే పరుగెత్తి వెళ్ళి పేరు రాయించుకున్న వాళ్ళున్నారు. రాయించుకున్నాక పన్నెండేళ్ళకో పద్నాలుగేళ్ళకో ఇంటికి కార్డు వచ్చేది. ఆలోగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు, మర్చిపోయేవాళ్ళు, మళ్ళీ నేర్చుకునేవాళ్ళు. లోష్నర్ దంపతులు డెబ్బై ఒకటి మార్చి తొమ్మిదిన రాయించారు. ఇప్పుడు తొంభై, ఆగస్టు.

"మనకన్నా ఏడాది వెనక రాయించిన జీగ్మర్‌కి బండి వచ్చి ఐదేళ్ళయింది. వాడిదీ పాతబడిపోయింది" అంది రోస్విటా.

"జీగ్మర్‌ది మామూలు బండి. మనది వెనక సామాను పట్టే పొడుగుది. పొడుగుదానికి ఆలస్యం అవుతుందని చెప్పాగా."

"ఆహా, పొడుగు బండి! దున్నపోతుల్ని ఎక్కిస్తావా అందులో? ఉన్నదిద్దరం. మామూలుదానికి రాయించినవాడివి రాయించినట్టు ఉండక, మధ్యలో పొడుగుదానికి మార్పించాడంట మహానుభావుడు! దురాశ దుఃఖానికి చేటు."

ఏడేళ్ళుగా ఈ పాట ఆ ఇంట్లో మోగుతూనే ఉంది. ఎనభై నాలుగు వసంతంలో ఆమె లైప్‌జిగ్ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక, ఒక పూట ఎవాల్డ్ సూప్ తాగుతూ తాగుతూ చెప్పాడు, ఆర్డరు పొడుగు బండికి మార్పించానని. అప్పటి నుంచి ఆమె దెప్పుతూనే ఉంది, ఆయన పడుతూనే ఉన్నాడు. ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. చుట్టాలు వస్తే వాళ్ళ ముందూ అనేది. ఆయన నవ్వి, "ఇంకో రెండేళ్ళు" అనేవాడు.

కానీ ఇవాళ ఆమె మనసులో వేరే ఉంది. జూన్‌లో డాక్టరు ఆమెను విడిగా పిలిచి, ఎవాల్డ్ గుండె ఈ ఏడాది మంచు కురిసేదాకా ఆడితే అదృష్టమే అన్నాడు. అప్పటి నుంచి రోస్విటాకి ఒకటే పట్టుదల. ఊరందరి బళ్ళకీ తలుపులు బిగించినవాడు ఒక్కసారైనా తన సొంత బండిలో కూర్చోవాలి. ఇప్పుడు బళ్ళు అడిగేవాళ్ళు లేరు. సరిహద్దు తెరుచుకుని పడమటి డబ్బు వచ్చాక మా ఊరి బండి మావాళ్ళకే చేదైపోయింది, కొత్తవి యార్డులో ఎండుతున్నాయట.

"రేపు నేను డిపోకి వెళ్తున్నా. మన వరుస ఎంతదాకా వచ్చిందో కనుక్కుంటా" అంది.

ఎవాల్డ్ గిరుక్కున తిరిగాడు. "వద్దు."

"ఎందుకు వద్దు?"

"వద్దన్నాగా. ఇప్పుడెందుకే బండి? పోయే కాలంలో."

"నోరు ముయ్యి. పోయే కాలమంట!"

"రోస్వీ, నా మాట విను. ఆ ఆఫీసు గుమ్మం తొక్కద్దు. నాకిష్టం లేదు."

ఆయన చెయ్యి కిటికీ చెక్కను గట్టిగా పట్టుకుంది. బీదవాడి అభిమానం కాబోలు, బతిమాలుకున్నట్టవుతుందని కాబోలు అనుకుంది ఆమె. సరేలే అని పైకి అని, దుంపలు కడగడానికి లేచింది. మర్నాడు చర్చి బట్టలు వేసుకుని, మార్కెట్‌కని చెప్పి డిపో బస్సెక్కింది.

*

డిపో యార్డు నిండా ట్రబాంట్‌లు. తెల్లవి, లేత నీలంవి, గోధుమరంగువి. అద్దాల మీద దుమ్ము, ఆ దుమ్ములో ఎవడో వేలితో రాసిన బూతులు. ఏడాది కిందట ఇందులో ఒక్కటి దొరికితే చాలని రాజకీయ నాయకులకీ డాక్టర్లకీ లంచంగా సాసేజీలు మోసిన ఊరు ఇది. రోస్విటా ఒక బండి మీద చెయ్యి వేసి చూసింది. ఎండకి కాలింది.

లోపల బల్ల దగ్గర ఒకమ్మాయి గోళ్ళకి రంగు వేసుకుంటోంది.

"ఏ రంగు కావాలమ్మా?" అంది తలెత్తకుండానే. "చూపించండి, తాళం చేతికిచ్చేస్తా. నాలుగు తీసుకుంటానన్నా ఇచ్చేస్తా."

"అలా కాదమ్మా. మాది వరుస ఉంది. ఎవాల్డ్ లోష్నర్. డెబ్బై ఒకటి, మార్చి తొమ్మిది."

"ఇంకా వరుసేంటండీ! పొడుగువి కావాలన్నా రెండున్నాయి, పోనీ రెండూ..."

"పంతొమ్మిదేళ్ళు నిలబడ్డాం" అంది రోస్విటా. "మధ్యలో దూరి ఎత్తుకుపోయారన్న మాట మాకొద్దు. మా వరుస ఎక్కడుందో చూసి, మా పేరు మీదే ఇవ్వు."

ఈ మాట మా ఊరివాళ్ళకే అర్థమవుతుంది. వరుస మాయమైపోయిన రోజున కూడా వరుసలోనే తీసుకోవాలని పట్టుబట్టేవాళ్ళు మాలో చాలామందే ఉన్నారు. ఆ అమ్మాయి నిట్టూర్చి, గోళ్ళ రంగు చెరగకుండా వేళ్ళు చాపుకునే లేచి, వెనక గదిలో అట్టపెట్టెలు లాగడం మొదలుపెట్టింది. చాలాసేపటికి ఒక కార్డు పట్టుకుని వచ్చింది.

"లోష్నర్, ఎవాల్డ్. మామూలు రకం."

"పొడుగుదానికి మార్పించాడు. ఎనభై నాలుగులో."

"మార్పు ఏమీ లేదే ఇందులో. అయినా ఇచ్చేశాం కదండీ."

"ఏమిచ్చారు?"

"బండండీ. లేత నీలం. ఎనభై మూడు, అక్టోబరు పదకొండు. ఇదిగో సంతకం."

రోస్విటా కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుంది. ఎవాల్డ్ సంతకమే. 'ఎల్' అక్షరం తోక కిందిగీత దాటి పోయేలా లాగడం ఆయన అలవాటు. పెళ్ళి పత్రం మీదా అలాగే ఉంటుంది.

"ఇంకెవరో అయ్యుంటారు" అంది, అయ్యుండరని తెలిసి కూడా.

"ఏమోనమ్మా. మా లెక్కలో మీకు బండి వచ్చి ఏడేళ్ళయింది" అని ఆ అమ్మాయి మళ్ళీ సీసా మూత తీసింది.

అక్టోబరు ఎనభై మూడు. అప్పుడు రోస్విటా లైప్‌జిగ్‌లో, ఆసుపత్రి మంచం మీద ఉంది. రక్తంలో జబ్బు, ఐదు వారాలు దిగని జ్వరం. పెళ్ళాం చావుబతుకుల్లో ఉంటే ఈ మనిషి కొత్త బండి తీసుకున్నాడా? తీసుకుని ఏం చేశాడు? ఎవత్తెను ఎక్కించుకుని తిరిగాడు? ఎవత్తెకి ఇచ్చేశాడు? ఆమె యార్డు దాటింది. బస్సు స్టాపు బెంచీ మీద కూలబడి, వచ్చిన బస్సును పోనిచ్చింది. పిల్లలు లేరని ఒక్కనాడూ ఒక్క మాట అనని మనిషి. అలాంటి మనిషి.

ఇంటికి వెళ్ళే బస్సు ఎక్కలేదు. జీగ్మర్ తోటకి వెళ్ళే బస్సెక్కింది.

*

జీగ్మర్ ఎవాల్డ్ పక్కనే ఇరవయ్యేళ్ళు నిలబడి బంపర్లు బిగించినవాడు. ఊరి చివర అతనికి చిన్న తోట ఉంది, అందులో చిన్న చెక్క గది. ఆమె వెళ్ళేసరికి తన ట్రబాంట్ ముందు మూత ఎత్తి, పాత మేజోడు గుండా పెట్రోలు వడబోస్తున్నాడు.

"రా వదినా! వాడు రాలేదే?"

"ఎవరది?" అంది రోస్విటా.

"ఎవరేంటి?"

"ఎనభై మూడు అక్టోబరులో నీ స్నేహితుడు తీసుకున్న లేత నీలం బండి ఎక్కిన మహాతల్లి ఎవరని అడుగుతున్నా. నీకు తెలియకుండా ఉండదు. చెప్తావా, ఈ పెట్రోలు నీ నెత్తిన పొయ్యనా?"

జీగ్మర్ చేతిలోని డబ్బా పక్కన పెట్టాడు. మొదట నవ్వు వచ్చింది అతనికి. నవ్వుతూనే మేజోడు పిండి తీగ మీద ఆరేశాడు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది.

"ఎక్కింది నేను వదినా. పక్క సీట్లో" అన్నాడు. "కూర్చో. కూర్చోకపోతే చెప్పను."

ఆమె తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది.

"నీకు ఆ జ్వరం దిగడంలా. పెద్ద డాక్టరు వాడిని వరండాలోకి తీసుకెళ్ళి, ఒక మందుంది, అటువైపు దేశంలో ఉంది, మాకు రాదు, నేనిలా చెప్పానని ఎక్కడా అనకు అన్నాడంట. వాడు నా దగ్గరకొచ్చి ఆ చెక్క గదిలో బల్ల మీద తల పెట్టుకున్నాడు. నేను ఊరంతా వెతికా. కిర్ష్‌బెర్గ్‌లో నోట్సెల్ అని పూలతోటలాయన ఉన్నాడు, వాళ్ళక్క అటువైపు మ్యూనిక్‌లో మందుల షాపులో పనిచేస్తుంది. ఆవిడ తెప్పించగలదు అని తెలిసింది. సరిగ్గా ఆ వారమే మీ కార్డు వచ్చింది."

"కార్డు వచ్చిందా?"

"వచ్చింది. నువ్వు ఇంట్లో లేవుగా. ఇద్దరం వెళ్ళి బండి తీసుకున్నాం. వాడే నడిపాడు. చేతికి తొడుగులు వేసుకుని మరీ నడిపాడు, స్టీరింగు మురికవుతుందని. నేరుగా పోతే అరగంట దారి. వాడు జలాశయం పక్కనుంచి చుట్టూ తిప్పి తీసుకెళ్ళాడు. నేనేం అనలా. నోట్సెల్ గేటు దగ్గర నేను దిగి గంట కొట్టా. వాడు వెంటనే దిగలా, ఇంజను వింటూ కూర్చున్నాడు. తర్వాత దిగి, ఏమన్నాడో తెలుసా? 'అయ్యా, పది నిమిషాలాగండి, డ్రైవరు పక్క తలుపు సరిగ్గా పడలేదు' అని సుత్తి తీశాడు. ఇచ్చేసే బండికి తలుపు సరిచేసి ఇచ్చాడు వదినా! నేను గోడవైపు తిరిగి నిలబడ్డా."

రోస్విటా తీగ మీది మేజోడు వైపు చూసింది.

"నోట్సెల్ మందు కాఫీ డబ్బాలో పెట్టిచ్చాడు. రైల్లో నా ఒళ్ళోనే ఉంది, లైప్‌జిగ్ దాకా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు ఊరుకునేదానివా? అప్పట్లో బయటికి పొక్కితే ఇద్దరికీ జైలు. తర్వాత... తర్వాత ఏమో నాకూ తెలీదు. నేనెన్నోసార్లు అన్నా, చెప్పరా, ఆ దెప్పుళ్ళు పడలేక చస్తున్నావు అని. 'దెప్పనీ, నాకది కావాల్సిందే' అనేవాడు. పొడుగు బండి కథ వాడే అల్లాడు. దానికి వరుస ఎక్కువ కదా, అడగవని."

ఏడేళ్ళు. రోస్విటా లెక్కపెట్టబోయి మానేసింది. భోజనాల దగ్గర, పెళ్ళిళ్ళలో, మెట్ల మీద, ఎల్ఫ్రీడ ముందు ఎన్నిసార్లు అందో! తను బతికి ఉండబట్టే అనగలిగింది ఆ మాటలన్నీ. సిగ్గు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ముక్కు చీదుకుని లేచింది.

"నేనొచ్చానని ఆయనకి చెప్పకు" అంది. "చెప్పావో, ఆ పెట్రోలు మాట మాత్రం అబద్ధం కాదు."

*

ఇంటికి వచ్చేసరికి ఎవాల్డ్ తలుపు దగ్గరే కుర్చీ వేసుకుని ఉన్నాడు. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"మార్కెట్‌కి ఇంతసేపా?"

"క్యూ ఉంది" అంది ఆమె.

"ఇప్పుడెక్కడున్నాయే క్యూలు?"

"నా ఖర్మకి నేనెక్కడికి పోతే అక్కడుంటాయి."

ఆయన ఆమె సంచి వైపు చూశాడు. సంచి ఖాళీ. ఆమె గబగబా వంటింట్లోకి పోయి, పాలవిరుగుడులో ఉల్లిపాయ తరిగి, అవిసె నూనె పోసి, ఉడికిన దుంపలతో పళ్ళెం తెచ్చి పెట్టింది. ఆయన ఇష్టంగా తినేది అదొక్కటే. నూనె కాస్త ఎక్కువే పోసింది. తినేటప్పుడు ఎదురుగా కూర్చుని, ఆయన బొటనవేలు చూస్తూ ఉండిపోయింది. వేలి చివర చర్మం అరిగి నున్నగా అయిపోయింది.

"ఏంటే అలా చూస్తున్నావు?"

"చూడకూడదా? నా మొగుడివేగా."

అనేసి నాలుక్కరుచుకుంది. ఇన్నేళ్ళలో ఆమె అలా మాట్లాడింది లేదు. ఎవాల్డ్ చెంచా ఆపి ఆమెకేసి చూశాడు. ఇంకాస్త మెత్తగా ఉంటే దొరికిపోతానని, ఆమె గొంతు పెంచి, చొక్కా గుండీ తెగితే చెప్పాలని తెలీదా, దిసమొలతో తిరుగుతావా అని నాలుగు తిట్టింది. తిట్లు సరిగ్గా కుదరలేదు. ఎవాల్డ్ మిగిలిన దుంప తినకుండానే పళ్ళెం పక్కకు జరిపాడు.

*

శనివారం ఆమె కిర్ష్‌బెర్గ్ వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఆ బండిని ఒకసారి చూడాలి, కొనగలిగితే కొనాలి, ఆయనను అందులో కూర్చోబెట్టాలి. డిపోలో వంద కొత్తవి ఉండొచ్చు. కానీ ఆయన బండి అదొక్కటే.

నోట్సెల్ తోట కనుక్కోవడం కష్టం కాలేదు. గాజు షెడ్ల ముందు పెద్ద ఆడీ నిలబడి ఉంది. ఆ నాలుగు గుండ్రాల గుర్తున్న బండి కూడా ఒకప్పుడు మా జ్వికావ్‌లో పుట్టిందే. యుద్ధం తర్వాత అటు వెళ్ళిపోయి, పెద్దింటి అల్లుడై ఇప్పుడు తిరిగొచ్చింది. నోట్సెల్ దాని అద్దం తుడుస్తున్నాడు. ఎర్రటి మొహం, పెద్ద పొట్ట, చెడ్డవాడిలా ఏమీ లేడు.

"టమాటాలా అమ్మా? లోపలున్నాయి, ఎంచుకోండి."

"పాత ట్రబాంట్ ఏదైనా అమ్ముతారేమోనని..."

నోట్సెల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అమ్మడమా! తీసుకుపోతానంటే ఎదురు టమాటాలిస్తాను. పారెయ్యాలంటే కూడా డబ్బడుగుతున్నారు వెధవలు. రండి, చూపిస్తా."

షెడ్డు వెనక లేత నీలం బండి గడ్డిలో కూరుకుపోయి ఉంది. చక్రాలు లేవు, ముందు మూత లేదు, ఇంజను ఎవరో ఎత్తుకుపోయారు. వెనక సీటు తీసేసి ఎరువు బస్తాలు వేశారు. ముందు సీటు మీద కోడి ఒకటి పొదుగుతోంది. దీన్ని ఎవరు ఎక్కడికి తీసుకుపోగలరు?

"ఇది నాకెలా వచ్చిందో తెలుసా?" అన్నాడు నోట్సెల్ హుషారుగా. అది అతను చాలామందికి చెప్పిన కథ, గొంతులోనే తెలుస్తోంది. "ఎవడో ఫ్యాక్టరీవాడు, పిచ్చిమాలోకం. పెళ్ళానికి మందు కావాలన్నాడు. మా అక్కకి రాశా. అక్కడ చర్చివాళ్ళు ఇలాంటివాళ్ళ కోసమే ఇస్తారంట, ఊరికే పంపింది. నేను మహా అయితే ఒక సిమెంటు బస్తా అడుగుదామనుకున్నా. నేను నోరు తెరిచేలోపే వాడు 'నా దగ్గర కొత్త బండి ఉందండీ' అన్నాడు. ఇంకా డిపో వాసన పోని బండి! నేనెందుకు వద్దంటాను చెప్పండి? బేరం రానివాళ్ళు ఉన్నారమ్మా లోకంలో."

రోస్విటా కోడిని చూస్తూ నిలబడింది.

"ఆ మందు నాకే" అంది.

నోట్సెల్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. తర్వాత మెల్లగా దిగింది. చేతిలో గుడ్డను మడిచాడు, మళ్ళీ విప్పాడు.

"నాకు తెలీదమ్మా" అన్నాడు. "నేను... అడగలేదు కూడా. ఆయనే అన్నాడు."

"అవును. ఆయనే అని ఉంటాడు."

"బాగున్నాడా?"

"బాలేడు. గుండె జబ్బు." ఆమె తలుపు దగ్గరికి వెళ్ళింది. "కాసేపు కూర్చుంటాను. ఆ కోడిని తియ్యండి."

నోట్సెల్ కోడిని చంకలో పెట్టుకుని, గుడ్లు టోపీలోకి ఏరుకుని, మాట్లాడకుండా షెడ్డు వైపు వెళ్ళిపోయాడు. రోస్విటా పక్క సీట్లోకి ఎక్కి తలుపు లాక్కుంది. కోళ్ళ కంపు, ఎరువు కంపు, కింద ఎక్కడో పాత నూనె వాసన. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. ఆ సీటుతో ఆమె ఏదో మాట్లాడింది. ఏం మాట్లాడిందో ఎవరికీ చెప్పలేదు. దిగేటప్పుడు నోట్సెల్ టమాటాల బుట్ట తెచ్చాడు. ఆమె తీసుకోలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం, భోజనమయ్యాక, ఎవాల్డ్ సోఫా మీద కాళ్ళు చాపుకుని ఉన్నాడు. రోస్విటా ఎంతసేపని ఓపిక పడుతుంది? దాచడం ఆమెకు చేతకాదు.

"నిన్న మన బండిలో కూర్చుని వచ్చా" అంది.

ఆయన కదల్లేదు.

"లేత నీలం" అంది ఆమె. "నీ మొహానికి ఆ రంగే దొరికిందా?"

"వాళ్ళిచ్చిన రంగే తీసుకోవాలిగా" అన్నాడు ఎవాల్డ్. "ఎవరు చెప్పారు? జీగ్మరా?"

"నీ సంతకం చెప్పింది."

ఆమె కుర్చీ దగ్గరకు జరుపుకుంది. "ఏడేళ్ళు కుక్కలా మొరిగాను కదయ్యా నీ మీద. ఒక్కసారి, ఒక్కసారి నోరు ముయ్యవే, నీ ప్రాణానికే ఇచ్చానే అని అనలేకపోయావా?"

"అనే అర్హత లేదు నాకు."

"ఇదెక్కడి మాట?"

ఎవాల్డ్ లేచి కూర్చున్నాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆ చేతులకే చెప్తున్నట్టు చెప్పాడు.

"జీగ్మర్‌కి కూడా తెలీదిది. గేటు దగ్గర వాడు దిగి గంట కొట్టడానికి వెళ్ళాడు. నేను ఇంజను ఆపలేదు. బండి ఎంత బాగుందనుకున్నావు రోస్వీ! ఏళ్ళ తరబడి ఎవరెవరికో బిగించా, నాదని కూర్చోవడం అదే మొదలు. గేరు వెనక్కి వేశా. వేసి కూర్చున్నా. తిప్పుకుని వెళ్ళిపోదామని. మందు పనిచేస్తుందో లేదో ఎవడికి తెలుసు, డాక్టరే చెప్పలేనన్నాడు, బండి మాత్రం ఉంటుంది కదా అని. ఒక నిమిషం. ఆ నిమిషంలో నువ్వు లేవు. బండి ఒక్కటే ఉంది." ఆయన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "నువ్వు దెప్పినప్పుడల్లా, తగిన శాస్తే అనుకునేవాణ్ణి."

రోస్విటా ఆయనకేసి చూసింది. కళ్ళ కింద సంచులు, మెడ దగ్గర వదులైన చర్మం, నిన్న తను కుట్టిన గుండీ.

"ఒక్క నిమిషమేనా?" అంది. "నేనైతే ఐదు నిమిషాలు కూర్చునేదాన్ని. అప్పుడు కూడా నిన్ను తల్చుకుని కాదు, జలాశయం దగ్గర పిక్నిక్కుకి ఒక్కదాన్నే ఎలా పోతానని దిగేదాన్ని."

ఎవాల్డ్ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చాడు. ఆయన ఏడవడం ఆమె చూసింది అదే మొదటిసారి. గుండెకి మంచిది కాదని తెలిసినా ఆపమనలేదు. వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. కాసేపటికి ఆయన చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"నోట్సెల్ కనపడ్డాడా?"

"కనపడ్డాడు."

"ఏమన్నాడు?" ఆయన ఆమె మొహంలోకి చూడలేదు. "ఒక్కొక్కప్పుడు అనిపిస్తుందే. తొందరపడ్డానేమో, తక్కువకే ఇచ్చేవాడేమో అని. నాకు బేరం రాదుగా. అందరూ అంటారు."

చర్చివాళ్ళు, ఊరికే వచ్చిన పొట్లం, సిమెంటు బస్తా, కోడి, అన్నీ ఆమె నోటిదాకా వచ్చాయి. ఒకసారి మింగింది.

"రెండు బళ్ళ ఖరీదు అడుగుదామని కూర్చున్నాడంట" అంది. "వాళ్ళక్కకి అంత ఖర్చయిందంట ఆ మందుకి. నిన్ను చూసి, నీ మాట తీరు చూసి, ఒక్కదానితో సరిపెట్టుకున్నాడంట. గట్టివాడమ్మా మీ ఆయన, నోరు మెదపనివ్వలేదు అన్నాడు."

"నిజంగానా?"

"నాకేం పని అబద్ధమాడటానికి?"

ఎవాల్డ్ సోఫాకి ఆనుకున్నాడు. మొహంలోకి కాస్త రంగు వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత ఒకడు తనను గట్టివాడన్నాడు. "రెండు బళ్ళు!" అనుకున్నాడు తనలో తను. "చూశావా మరి? నేను గనక ఒక్కదానికి ఒప్పించా." ఇంకోసారి ఆ మాటే అని, ఆ సంతోషంలోనే కునుకులోకి జారుకున్నాడు.

రోస్విటా ఆయన మీద దుప్పటి కప్పి, గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి పెద్దగా తిప్పి, అవతలికి వినపడకుండా, చాలాసేపు ఏడ్చింది.